చాటున జరిగే విమర్శ

సాహిత్య విమర్శకుడు తన పేరు పెట్టుకుని రాస్తాడు. పొరపడితే పాఠకుడు నిలదీస్తాడు. జవాబు చెప్పక తప్పదు. వైద్య పరిశోధన మీద జరిగే విమర్శ తీరు వేరు. పత్రికకు వచ్చిన వ్యాసాన్ని సంపాదకుడు ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపుతాడు. వారెవరో, ఏమన్నారో చాలా పత్రికలు నేటికీ బయటపెట్టవు. వ్యాసం మాత్రం నిపుణులు పరిశీలించినదనే ముద్రతో లోకంలోకి వస్తుంది. ఆ ముద్రను నమ్మి వైద్యులు మందులు రాస్తారు, ప్రభుత్వాలు విధానాలు మారుస్తాయి.

ఆ ముద్ర విలువ ఎంతో 2020లో తేలింది. కోవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చినచోట మరణాలు ఎక్కువని ఆ ఏడు మే 22న 'లాన్సెట్' పత్రిక ఒక వ్యాసం ప్రచురించింది. 671 ఆసుపత్రులు, 96 వేల మంది రోగులు! మూడు రోజులకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందుపై తన ప్రయోగాన్ని తాత్కాలికంగా ఆపినట్లు ప్రకటించింది. లెక్కలన్నీ సర్జిస్ఫియర్ అనే అమెరికన్ కంపెనీవి. వాటిలో ఆస్ట్రేలియా మరణాలు ఆ దేశపు అధికారిక సంఖ్యను మించి ఉన్నాయి. ఆ సంగతి పట్టుకున్నది పత్రిక నియమించిన పరిశీలకులు కారు, బయటి పాఠకులు. మూల వివరాలన్నీ చూపడానికి కంపెనీ ఒప్పుకోలేదు. జూన్ 4న నలుగురు రచయితల్లో ముగ్గురు వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు.

ఆసుపత్రిలో చేరిన రోగులకు ఆ మందు మేలు చేయదని తరవాత సక్రమమైన ప్రయోగాలే తేల్చాయి కదా, ఇక నష్టమేమిటని అడిగేవారున్నారు. మేలు చేయకపోవడం వేరు, ప్రాణం తీయడం వేరు. పైగా ఎవరూ చూడని లెక్క సాక్ష్యం కాజాలదు.

పరిశీలకుల నిజాయితీని నేను శంకించడం లేదు. వారి చేతికి వచ్చింది వ్యాసమే గాని, దాని వెనకనున్న లెక్కలు కావు. తాళపత్ర ప్రతులు చూడకుండా కావ్యపాఠం నిర్ణయించడం లాంటి పని ఇది.

పేర్లు బయటపెడితే కిందిస్థాయి అధ్యాపకుడు పెద్ద ఆచార్యుడి తప్పు చెప్పడానికి జంకుతాడంటారు. ఈ భయం ఉత్తది కాదు. కళాశాలలో పనిచేసే నాకూ తెలుసు. కాని అది పేరు దాచడానికి కారణమౌతుంది గాని, అభిప్రాయం దాచడానికి కాదు; లెక్కలు దాచడానికి అసలే కాదు. 'బ్రిటిష్ మెడికల్ జర్నల్' 1999లోనే పరిశీలకుల పేర్లు రచయితలకు తెలియజేయడం మొదలుపెట్టింది. 2014లో పరిశోధనా వ్యాసాలతో పాటు వారి అభిప్రాయాలనూ ప్రచురించసాగింది. దానివల్ల పత్రిక పరువేమీ పోలేదు.

పరిశోధనకు తన శరీరాన్ని అప్పగించేవాడు రోగి. ఆ లెక్క ఎవరు చూశారు, ఏమన్నారు అని అడిగే హక్కు మొదట అతనిదే.