వంతుల్లేని బేరాల ఆట

కార్డుల ఆట అనగానే వంతు గుర్తొస్తుంది. ఒకరు వేశాకే ఇంకొకరు వేయాలి. ‘పిట్’ అనే ఆటలో ఆ నిరీక్షణే లేదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారే ‘రెండు, రెండు!’, ‘మూడు, మూడు!’ అని అరుస్తూ ముక్కలు మార్చుకుంటారు. అమెరికాలో 1904లో పార్కర్ బ్రదర్స్ సంస్థ దీన్ని అమ్మకానికి తెచ్చింది. 1848లో ఏర్పడిన షికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో వర్తకులు మెట్లుమెట్లుగా కట్టిన గోదాలో నిలబడి, కేకలతో, చేతి సైగలతో ధాన్యం బేరాలు చేసేవారు. ఈ ఆటకు మూలం అదే.

ఎంతమంది ఆడితే అన్ని పంటలు, పంటకు 9 ముక్కలు. కలిపి తలా 9 పంచుతారు. ఒకే రకం ముక్కలు ఒకటి నుంచి నాలుగు వరకు బోర్లించి మార్చుకోవచ్చు. ఎన్ని ముక్కలో చెప్పాలి, ఏమిటో చెప్పకూడదు. ఒకే పంట తొమ్మిదీ చేరినవారు గంట మోగిస్తారు. గోధుమకు 100, బార్లీకి 85, చివరన ఉన్న అవిసెకు 40 పాయింట్లు. 500 ముందుగా అందుకున్నవారిదే గెలుపు.

నేర్పంతా పంట ఎంచుకోవడంలో ఉంది. ఇద్దరు గోధుమ కోసమే పట్టుబడితే ఇద్దరికీ తొమ్మిది చేరవు. మనం వదిలించుకున్న రై మళ్ళీ మన చేతికే వస్తోందంటే దాన్ని ఎవరూ కూడబెట్టడం లేదన్నమాట. అటు మళ్ళడం మంచిది. వెళ్ళిన ముక్క తిరిగి రాలేదా, ఎవరో పోగేస్తున్నారు. చివర్లో మిగిలే రెండు ముక్కలూ ఒకే రకమైతే ‘రెండు’ అనీ అడగొచ్చు, ‘ఒకటి’ అనీ అడగొచ్చు. వేర్వేరైతే ఒక్కొక్కటిగానే బేరం.

అలవాటైనవాళ్ళు బుల్ (ఎద్దు), బేర్ (ఎలుగుబంటి) ముక్కలు కూడా కలుపుతారు. బుల్ ఏ పంటలోనైనా తొమ్మిదో ముక్కగా పనికొస్తుంది. బేర్ చేతిలో ఉంటే గెలవలేం. ఇంకొకరు గంట కొట్టేసరికి ఈ రెంటిలో ఏది మిగిలినా 20 పాయింట్లు పోతాయి. అందుకే బేర్‌ను ఒక ఎండుగడ్డి ముక్కతో జత చేసి ‘రెండు’ అని సాగనంపుతారు.

ఇంట్లో దీన్ని మనకు తగ్గట్టు మలుచుకోవచ్చు. రెండు పేకలు కలిపితే ఒక్కో అంకెకు 8 ముక్కలు వస్తాయి. ఐదుగురికి ఐదు అంకెలు, 40 ముక్కలు చాలు. అంకెలకు మిర్చి, పసుపు, పత్తి అని పేర్లు పెట్టుకుంటే పిల్లలకు మన పంటలూ తెలుస్తాయి. చిన్నవాళ్ళుంటే బుల్, బేర్ తీసేయండి. రాత్రివేళ కేకలు మాని వేళ్ళతోనే లెక్క చూపండి.

ఈ ఆటలో ఒంటరి గెలుపు లేదు. ఎదుటివాడికి కావలసింది ఇవ్వందే మనకు కావలసింది రాదు. ఇచ్చిపుచ్చుకోవడమే వ్యాపారానికి ప్రాణమని పుస్తకం కన్నా బాగా ఇదే చెబుతుంది. షికాగో గోదాలు చాలామటుకు 2015లో మూతబడ్డాయి, బేరాలు కంప్యూటర్లకు చేరాయి. ముఖాముఖి బేరం రుచి పిల్లలకు చూపించాలంటే ఈ సెలవుల్లో ఫోన్లు పక్కన పెట్టి ఇంటిల్లిపాదీ ఈ ఆట ఆడండి.