నోరు విప్పని అబద్ధం

పోయిన ఆదివారం ఒక పుస్తకావిష్కరణ సభకు వెళ్లాను. ముఖ్య అతిథిని పరిచయం చేయడానికి లేచిన వ్యాఖ్యాత అరగంట దాకా మైకు వదల్లేదు. సాహితీ శిఖరం, అక్షర తపస్వి, బహుముఖ ప్రజ్ఞాశాలి: ఏ సభలో ఏ అతిథికైనా అతికే మాటలే అన్నీ. ఆ ఊపులో అతిథి రాయని నవల ఒకటి ఆయన ఖాతాలో వేశారు, రాని పురస్కారం వచ్చిందన్నారు. తీరా పుస్తకం రాసిన రచయిత్రికి ఐదు నిమిషాలే మిగిలాయి. ఒళ్లు మండిపోయింది.

సభల్లో శాలువాలు తగ్గాలని, పరిచయం రెండు వాక్యాలు దాటకూడదని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను. మనిషి ఎవరో అతని పని చెప్పాలి, పొగడ్త కాదు. ఈ పట్టుదల నాలో బలపడటానికి ఒక సినిమా కూడా కారణం.

సింగీతం శ్రీనివాసరావు తీసిన 'పుష్పక విమానం' 1987 నాటిది. అందులో ఒక్క డైలాగూ లేదు. కె.వి.రెడ్డి దగ్గర 'మాయాబజార్'కు సహాయకుడిగా పనిచేసిన మనిషి ఆయన. ఆ సినిమాకు పింగళి రాసిన మాటల బలం అంత దగ్గర నుంచి చూశారు కాబట్టే, మాట తీసేస్తే ఏం మిగులుతుందో కూడా ఆయనకు తెలిసిందనుకుంటాను. కమల్ హాసన్ ఇందులో నిరుద్యోగి, సినిమా హాలు పక్కన ఇరుకు గదిలో ఉంటాడు. తాగి రోడ్డు మీద పడిపోయిన ఒక డబ్బున్నాయన్ని తెచ్చి ఆ గదిలో కట్టి పడేస్తాడు. ఆయన హోటల్ గది తాళం తీసుకెళ్లి ఆయన దర్జా అంతా తాను అనుభవిస్తాడు. అయితే స్టార్ హోటల్లో మెత్తటి పరుపు మీద కుర్రాడికి కంటి మీద కునుకు రాదు. సినిమా హాల్లోంచి వచ్చే రొద వింటూ పడుకోవడం అలవాటైన ప్రాణం మరి. మళ్లీ పాత చోటికి వెళ్లి, ఆ చప్పుళ్లన్నీ టేప్‌రికార్డర్‌లో పట్టుకొచ్చి, మంచం దగ్గర మోగించుకుంటేగానీ నిద్రపోడు. పేజీలకొద్దీ సంభాషణ రాసినా ఆ కుర్రాడి బతుకు ఇంత బాగా తెలిసేది కాదు.

ఈ వారం ఆ ఘట్టం గురించే రాద్దామని సినిమా మళ్లీ చూశాను. ఈసారి వేరే సంగతి పట్టుకుంది. హోటల్లో ఆ కుర్రాడు "ఈ గది నాది" అని ఎవరితోనూ అనడు. చేతిలో తాళం ఉంది, ఒంటి మీద మంచి బట్టలున్నాయి. మిగతాదంతా చూసినవాళ్లే అనుకుంటారు. అమల పోషించిన ఇంద్రజాలికుడి కూతురూ అలాగే అనుకుని మనసిస్తుంది. అంత మోసం పెదవి కదపకుండానే జరిగిపోయింది. అందులోంచి బయటపడటానికి అతనికి దొరికిన దారి ఒక్కటే, ఉన్నదున్నట్టు ఆమెకు రాసి చెప్పడం. మాటల్లేని సినిమాలో కూడా నిజం చెప్పడానికి అక్షరాలు కావలసి వచ్చాయి.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ సభలో వ్యాఖ్యాత మీద కన్నా ముఖ్య అతిథి మీద నాకు ఎక్కువ కోపం వస్తోంది. తాను రాయని నవల పేరు చదువుతుంటే ఆయన చేతులు కట్టుకుని చిరునవ్వుతో కూర్చున్నారు. తన వంతు వచ్చినప్పుడూ దాని ఊసెత్తలేదు. చూసినవాళ్లు ఎంత నిగర్వి అనుకుని ఉంటారు. వ్యాఖ్యాత తెలియక పొరబడి ఉండొచ్చు, ఆయనకు మాత్రం నిజం తెలుసు. మౌనం అర్ధాంగీకారం అంటాం. అక్కడ జరిగింది పూర్తి అంగీకారమే.

మితభాషులంటే నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ నోరు మెదపకపోవడం వల్ల మనది కాని గొప్ప మనకు వచ్చి చేరుతుంటే ఆ మౌనాన్ని సంస్కారం అనను. ఇది వేదికలెక్కే పెద్దల సంగతే కాదు. పెళ్లి ఈడుకొచ్చిన అబ్బాయిలూ అమ్మాయిలూ, మీకూ ఒక మాట. పెళ్లిచూపుల్లో మధ్యవర్తి మీ కాంట్రాక్టు ఉద్యోగాన్ని పర్మనెంటు చేసేస్తుంటే, అద్దె ఇంటిని సొంతిల్లంటుంటే తల వంచుకుని ఊరుకోకండి. అక్కడే, పెద్దల ముందే, "కాదండీ, అది కాంట్రాక్టే" అని చెప్పేయండి.