గాజులో రెండు క్షారములు - ఒక సులభ సమాధానముపై విమర్శ

ఇసుకను సోడాతో కలిపి కరగించిన గాజులో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు క్రమము లేని వలవలె అల్లుకొని యుండును. సోడియం అయానులు ఆ వలను అక్కడక్కడ త్రెంచి, సందులలో నిలుచును. విద్యుత్తును మోయునవి ఈ అయానులే. సోడియంలో కొంత తీసి, అంతే పొటాసియం చేర్చినచో వాహకత రెండింటికి నడుమ ఉండవలెనని తోచును. నిజమునకు సగపాలు మిశ్రమము దగ్గర అది రెండు కొసలకంటెను ఎంతో దిగువకు పడిపోవును. గది ఉష్ణోగ్రతలో ఈ తగ్గుదల వేయిరెట్లకు మించవచ్చును. దీనిని మిశ్రమ క్షార ప్రభావము అందురు.

దీనికి తరగతులలో చెప్పు సులభ సమాధానము ఒకటి కలదు: "పొటాసియం పెద్దది, సోడియమునకు దారి అడ్డగించును." సోడియం అయాను వ్యాసార్ధము సుమారు 1.02 ఆంగ్‌స్ట్రామ్‌లు, పొటాసియముది 1.38. మాట వినుటకు బాగున్నది గాని పరీక్షకు నిలువదు. పరిమాణమే దోషమైనచో పూర్తిగా పొటాసియంతో చేసిన గాజు అన్నిటికంటె హీనవాహకము కావలెను గదా! అట్లు కాదు. రామతీర్థము కొండమెట్లపై లావుపాటివారు పెరిగినకొలది నడక మందగించును. అందరును లావుపాటివారే అయినపుడు నడక మరల వేగమగునని ఎవరైన నమ్ముదురా?

1994లో బుండే, ఇన్‌గ్రామ్, మాస్ అను శాస్త్రజ్ఞులు ప్రతి అయానును తన చుట్టునున్న వలను తనకు తగినట్లు దిద్దుకొనునని సూచించిరి. ఒకదాని గూడు మరియొకదానికి అమరదు. 2003లో స్వెన్సన్, ఆడమ్స్ లిథియం, రుబీడియం కలిపిన ఫాస్ఫేట్ గాజును పరిశీలించి, రెండు అయానులు కలగలుపుగా ఉన్నను వాటి దారులు వేరని చూపిరి. అనగా పెద్దది చిన్నదానిని, చిన్నది పెద్దదానిని కూడ అడ్డగించును. రెండు కొసలను సమాధానపరచునది ఈ వాదమే. ఐనను ఫాస్ఫేట్‌లో తేలినదానిని సిలికేట్‌కు యథాతథముగా అంటగట్టరాదు.

మన తిరుపతి, ఉస్మానియా విశ్వవిద్యాలయములలో ఈ ప్రభావముపై బోరేట్ గాజులలో పరిశోధనలు జరిగినవి. మాంగనీసు వంటి అయానులను చేర్చి తీసిన అనునాద వర్ణపటములు ఆ అయాను పరిసరములను చక్కగా తెలుపును. క్షార అయాను నడచు దారిని నేరుగా చూపవు. విద్యార్థి ఈ భేదమును గుర్తింపవలెను.

ఇది కేవలము పండిత చర్చ కాదు. బల్బులలో తీగలను పట్టియుంచు సీసపు గాజులో సోడియం, పొటాసియం రెండును చేర్చుట విద్యుత్తు కారకుండుటకే. అదే మిశ్రమము 19వ శతాబ్దపు ఉష్ణమాపకములలో సున్నా గుర్తును జరిపి చిక్కులు తెచ్చినది. ఒక చోట గుణము, మరియొక చోట దోషము. కావున ఏ వివరణనైనను రెండు కొసలయందును పరీక్షించిన పిదపనే విద్యార్థికి చెప్పుట మేలు.