పోటు వచ్చేదాకా ఆగుదాం

చలికాలంలో పక్షులు చూడటానికి సముద్రం ఒడ్డుకు బయల్దేరే ముందు నేను పంచాంగం తిరగేస్తాను. పున్నమికి, అమావాస్యకు పోటు పెద్దది; పాటు తీస్తే నీళ్ళు అంత దూరమూ పోతాయి. అష్టమి దగ్గర్లో రెండూ తక్కువే. వేటకు వెళ్ళే మత్స్యకారులకు తిథి ఎంత అవసరమో, పక్షులు చూసేవాళ్ళకూ అంతే.

నాకు బాగా ఇష్టమైన చోటు కాకినాడ కుంభాభిషేకం రేవు వైపు. ఎదురుగా గోదావరి ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ అలల్ని అడ్డుకుంటుంది. దాని వెనక నీరు నెమ్మదించి, పాటు తీసినప్పుడల్లా బురద నేల బయటపడుతుంది. అందులోని పురుగులు, పీతలు, గుల్లల కోసమే మధ్య ఆసియా నుంచి, సైబీరియా నుంచి పక్షులు ఇంత దూరం వస్తాయి.

నీళ్ళు పూర్తిగా తీసినప్పుడు వెళితే అవి ఎక్కడో చుక్కల్లా కనిపిస్తాయి. పోటు మొదలయ్యే వేళకు చేరి కదలకుండా కూర్చుంటే, పెరిగే నీరే వాటిని మన ముందుకు తోసుకొస్తుంది. మనది తూర్పు తీరం కనుక పొద్దున ఎండ కళ్ళలో పడుతుంది. పోటు మధ్యాహ్నం తర్వాత వచ్చే రోజైతే వెలుగు మన వీపు వెనక ఉండి ఈకల రంగు తేటగా తెలుస్తుంది.

కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: పేరు తర్వాత, ముందు తిండి చూడండి. తీతువుకు చుట్టమైన ప్లవర్‌ది పొట్టి ముక్కు, పెద్ద కన్ను. నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, కంటబడినదాన్ని పొడుస్తుంది. కర్లూ అలా కాదు. కొడవలిలా వంగిన పొడుగాటి ముక్కును బురదలోకి మొదలంటా దింపి తడుముతుంది. పీత దొరికితే కాళ్ళు ఊడిపోయేదాకా విదిలించి, డొప్పను గుటుక్కున మింగుతుంది. ఎవరి ముక్కు అందే లోతు వారిదే కనుక, ఒకే బురదలో అన్నీ పొట్ట నింపుకుంటాయి.

ఆ తిండంతా కొవ్వుగా మారాలి. వేసవి ముదిరేలోపు తిరుగు ప్రయాణానికి అదే ఆధారం. ఫొటో కోసం మనం ఒక గుంపును లేపామంటే, అవి కూడబెట్టుకున్నదాన్ని కాస్త ఖర్చు చేయించినట్టే. నిండు పోటులో నిలవడానికి వాటికి మిగిలేది చిన్న ఇసుక మేట. అక్కడికి అసలు వెళ్ళకూడదు. మేస్తున్న పక్షి తలెత్తి మెడ నిక్కించిందంటే మనం హద్దు దాటినట్టే. అక్కడే ఆగి, మెల్లగా వెనక్కి రావాలి.

1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. ఎవరైనా స్వచ్ఛందంగా చేరవచ్చు. ఈసారి మీరూ రండి. దగ్గరికి పోకుండా చూడటం ఎంత అవసరమో అక్కడ తెలుస్తుంది. నిలకడగా మేసే గుంపునైతే ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు. అదే గుంపు బెదిరి లేచిందంటే పక్షులకు మేత పోతుంది, మనకు లెక్క పోతుంది.