ఏటిగట్టు మీది నడక

సాయంకాలమున గోదావరి ఏటిగట్టుపై నడచుట నాకు చిరకాలపు అలవాటు. ఒకవైపు లంకలలోని అరటితోటలును వాని కావల నదీప్రవాహమును, మఱొకవైపు పల్లమున నున్న ఊళ్లును వరిచేలును కనబడుచుండగా, ఈ రెంటి నడుమ నున్న మట్టికట్ట ఎంతటి భారమును వహించుచున్నదో నడచువారికి తెలియకపోదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులను మించినప్పుడు గట్లకు పలుచోట్ల గండ్లు పడి ఊళ్లకు ఊళ్లే నీట మునిగినవి. ఆ వరదమట్టమునే ప్రమాణముగా గైకొని, తరువాతి కాలమున గట్లను ఎత్తుచేసి బలపఱచు పనులు సాగినవి.

ఈ గట్లను నడచువారి బాటలుగా కూడ తీర్చవలెనని నా దృఢాభిప్రాయము. మట్టిగట్టు, నీరు పైనుండి పొర్లుటచేతనే కాక, లోపలినుండియు తెగును. పందికొక్కుల బొరియలు, కుళ్లిన చెట్టువేళ్లు విడిచిన రంధ్రములు, వానకు కోసుకొనిపోయిన వాలు మొదలగువానిగుండ ఊటగా మొదలైన నీరు, మట్టిని తనతో గొనిపోవుచు, చూచుచుండగనే గండియగును. వరదవేళ గట్టు కాపలాదారులగు లష్కర్లు రాత్రింబవళ్లు గట్టు వెంబడి తిరుగుచు, ఊట కనబడినచోట ఇసుక బస్తాలు వేయించుట అందఱెఱిగినదే. అయితే అదే బొరియను వరద లేని నాళ్లలో కనిపెట్టగలవారు నిత్యము ఆ దారిన నడచు వృద్ధులును, బడికేగు బాలబాలికలును మాత్రమే. జనసంచారము లేని గట్టు తుమ్మపొదలపాలగును. ఆ పొదల మాటున మట్టి తవ్వుకొనిపోవువానికి అడ్డు చెప్పువారుండరు.

వరదదారినే నడకబాటగా తీర్చుకొన్నవారును కలరు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున, స్కాట్స్‌డేల్ నగరము నడుమ ఇండియన్ బెండ్ వాష్ అను వాగు కలదు. ఏడాదిలో హెచ్చుకాలము ఎండియుండి, పెద్దవాన కురిసినప్పుడు ఊరిని రెండుగా చీల్చుట దాని స్వభావము. సైన్యపు ఇంజనీరింగు విభాగమువారు దానిని కాంక్రీటు కాలువగా మార్పదలచగా, పౌరులు సమ్మతింపక, సుమారు 11 మైళ్ల పొడవున పచ్చికబయళ్లును చెఱువులును నడకబాటలును గల హరితమేఖలగా తీర్పించుకొనిరి. వరద వచ్చినప్పుడు పచ్చిక మునుగును, బాటలు మూతపడును. నీరు తీసిన వెనుక ఒండ్రు ఎత్తివేసి జనులు మరల నడతురు. మునిగినను చెడనివానినే మునుగుచోట నుంచిన ఆ పౌరుల వివేకము నాకు మిక్కిలి గౌరవపాత్రమైనది.

గోదావరి వంటి మహానదికి ఆ వాగు పద్ధతి యథాతథముగా కుదరదు. ఇచట బాట గట్టు నెత్తిమీదనే యుండవలెను, నదివైపు వాలు గరికకే విడువవలెను. గరికవేళ్లు మట్టిని పట్టియుంచును. నీడకొఱకని గట్టుపై మఱ్ఱియు రావియు నాటుట మంచి మనసుతో చేసినను కీడే. చెట్లకు తావు గట్టు పాదమునకు దూరముగా, ఊరివైపున నున్నది. ఇసుక లారీలను బాటపైకి రానీయరాదు. ఉద్యానవనము పేరిట సిమెంటు మండపములును, వాని వెంట అంగళ్లును వెలసినచో, వరదకై విడిచిన నేల అమ్మకపు సరకగును. దీనిని నేను మనసారా వ్యతిరేకింతును. నది పొంగినంతనే బాట మూసి, గట్టును లష్కర్లకు అప్పగింపవలెను.

మఱియొక చిన్న ఏర్పాటు గూడ వలయును. బాట పొడవునను దగ్గఱదగ్గఱగా అంకెలు చెక్కిన రాళ్లు పాతి, ఆ గట్టును చూచు అధికారి టెలిఫోను నంబరును ప్రతి రాతిపైన వ్రాయించినచో, బొరియను చూచిన బాలుడు సైతము అది ఏ రాతివద్ద నున్నదో ఆనాడే తెలుపగలడు.