గుర్రం మీది వంపు

గొల్లపల్లి పనివాళ్లు పనస దుంగను తొలిచి చేసే వాద్యమే బొబ్బిలి వీణ. చెక్కడం అందరికీ కనిపిస్తుంది గానీ, నా లెక్కలో అసలు పనితనం తీగలు ఆనే గుర్రం దగ్గర ఉంది. దాని మీది లోహపు పలకకు సన్నని వంపు. కొంచెం అరగదీసి, తీగ మీటి, చెవి ఒగ్గి వినాలి, మళ్లీ అరగదీయాలి. గిటారు తీగ గుర్రం అంచునే ఆనుతుంది. వీణ తీగ ఊగినప్పుడల్లా ఆ వంపును తాకి వదులుతుంది.

ఆ వంపు మహిమను 1921లో శాస్త్రంగా చెప్పింది విశాఖ ఏ.వి.ఎన్. కాలేజీలో చదివిన సి.వి. రామన్. మూలస్వరంతో పాటు మోగే పై స్వరాల్లో, అంటే అనుస్వరాల్లో, మీటిన చోట కదలిక లేనివి పలకకూడదని పాత సూత్రం. వీణ, తంబూరా వాటినీ గట్టిగా పలికిస్తాయని ఆయన చూపించాడు.

మరి తీగ మోతను యంత్రం పలికించగలదా? 1983లో కార్‌ప్లస్, స్ట్రాంగ్ అనే ఇద్దరు మీటిన తీగ మోతను కంప్యూటర్‌లో పుట్టించారు. సెకనుకు 44,100 నమూనాల లెక్కన, 110 హెర్ట్జ్ గిటారు తీగకు దాదాపు 401 అంకెల వరస చాలు. అందులో అడ్డదిడ్డం అంకెలు పోసి, పక్కపక్క రెండింటి సగటు తీస్తూ తిప్పడమే. పదునైన మోత మెత్తబడుతూ ఆరిపోతుంది. ఇంత చవగ్గా తీగ దొరకడం ముచ్చటే! వీణకైతే ఇది చాలదు; ఆ వంపు తాకిడిని కూడా విడిగా లెక్కగట్టాలి.