పేపరు ఎవరు సెట్ చేశారు?

'జి.ఐ. జేన్' అనే సినిమా పేరు మన తరంలో చాలామందికి 2022 ఆస్కార్ వేడుకలోనే తెలిసింది. క్రిస్ రాక్ ఆ పేరుతో జోకు వేశాడు, విల్ స్మిత్ స్టేజి ఎక్కి చెంప మీద కొట్టాడు. ఆ రాత్రి అందరూ చెంపదెబ్బ గురించే మాట్లాడుకున్నారు, సినిమాని ఎవరూ పట్టించుకోలేదు. అది 1997లో వచ్చింది. దర్శకుడు రిడ్లీ స్కాట్, కథానాయిక డెమీ మూర్. అమెరికా నేవీ సీల్స్ తరహా శిక్షణకి మొట్టమొదటిసారి ఒక ఆడమనిషిని పంపిస్తే ఏమవుతుందన్నది కథ. ఆ ఏడాది అతి చెత్త నటి అంటూ డెమీ మూర్‌కి రాజీ అవార్డు కట్టబెట్టారు. సినిమా అంత చెత్తగా ఏమీ ఉండదు. దాన్ని గేల్ లెమన్ 2015లో రాసిన 'యాష్లీస్ వార్' పక్కన పెట్టి చూడాలని నాకు చాలా రోజులుగా ఉంది. మొదటిది, ఆడవాళ్ళని లోపలికి రానిస్తే ఎలా ఉంటుందని ఊహించిన కథ. రెండోది, రానివ్వమని చెబుతూనే వాళ్ళచేత పని చేయించుకున్న నిజం.

ముందు సినిమా సంగతి. జోర్డాన్ ఓనీల్ శిక్షణకి వచ్చేసరికి ఆమెకోసం వేరే లెక్కలు సిద్ధంగా ఉంటాయి. అడ్డంకుల పరుగులో కొన్ని సెకన్లు అదనంగా ఇస్తారు, గోడ ఎక్కడానికి చిన్న మెట్టు వేస్తారు. ఈ 'సాయం' ఆమె పరువు తీయడానికే పనికొస్తుంది. ఆమె వెళ్ళి పై అధికారితో తగువేసుకుంటుంది: మగవాళ్ళకి ఏ కొలతో నాకూ అదే పెట్టండి అని. తర్వాత నేరుగా క్షౌరశాలకి వెళ్ళి, మంగలి లేకపోతే తనే మిషన్ తీసుకుని గుండు చేసుకుంటుంది.

సినిమా మొత్తంలో జనానికి గుర్తున్న దృశ్యం ఇదే. మనకి ఆడవాళ్ళ గుండు అంటే రెండే గుర్తొస్తాయి. ఒకటి తిరుపతి మొక్కు. రెండోది, మొగుడు పోయిన ఆడదానికి ఒకప్పుడు బలవంతంగా చేయించిన శిరోముండనం. ఓనీల్‌ది ఈ రెండూ కాదు, ఎవరూ పట్టుకుని చెయ్యలేదు. కానీ రెండోసారి చూసినప్పుడు నాకు అదీ ఒక రకం మొక్కులాగే అనిపించింది. గుడి ఎలా ఉందో అలాగే ఉంటుంది, దేవుడు కదలడు, తలనీలాలు ఇచ్చేది మాత్రం భక్తురాలే. ఓనీల్ జుట్టు వదులుకుంటుంది, వేరే గది వదులుకుని మగవాళ్ళ బ్యారక్‌లోకి మారుతుంది, చివరికి వాళ్ళ బూతుల్ని వాళ్ళమీదే వాడి వాళ్ళని గెలుస్తుంది. మారిందల్లా ఆమే. కొలత మారలేదు సరే, అసలు ఆ కొలత దేన్ని కొలుస్తోందన్న ప్రశ్న సినిమాకి తట్టనే తట్టదు.

దీనికంటే పదునైనది బందీల శిక్షణ ఎపిసోడ్. మాస్టర్ చీఫ్‌గా విగ్గో మోర్టెన్సెన్ ఆమెని మిగతావాళ్ళ కళ్ళముందే చావగొడతాడు, అత్యాచారం చేస్తానన్నట్టు బెదిరిస్తాడు. అతని వాదన ఏమిటంటే, ఆమె బాధ చూసి మగవాళ్ళు తట్టుకోలేరు, శత్రువుకి లొంగిపోతారు, కాబట్టి ఆమె ఉండటమే ప్రమాదం. కొంచెం ఆగి చూస్తే ఇది ఓనీల్ బలహీనత గురించిన వాదన కాదు, మగవాళ్ళ బలహీనత గురించినది. దెబ్బలు మాత్రం ఆమెకి పడ్డాయి. అత్తమీద కోపం దుత్తమీద చూపించడం అంటారే, ఇది అదే. సినిమా ఆ దృశ్యాన్ని తీసింది కానీ అందులో తను బయటపెట్టిన విషయాన్ని తనే గమనించకుండా, లిబియాలో ఒక ఆపరేషన్ పెట్టి, ఓనీల్ చేత మాస్టర్ చీఫ్‌ని కాపాడించి, చేతులు దులుపుకుంది. ఆయన ప్రాణం కాపాడింది కాబట్టి ఆమె అర్హురాలు! ఆ రోజు ఆయనకి దెబ్బ తగలకపోయి ఉంటే?

ఇక పుస్తకం. అఫ్ఘానిస్తాన్‌లో అమెరికా రేంజర్లు రాత్రిపూట ఇళ్ళమీద దాడులు చేసేవాళ్ళు. ఇంట్లో ఆడవాళ్ళతో మగ సైనికులు మాట్లాడటం, వాళ్ళని తనిఖీ చెయ్యడం అక్కడ పెద్ద తప్పు. అందుకని ప్రత్యేక దళాల అధిపతిగా ఉన్న అడ్మిరల్ ఎరిక్ ఓల్సన్ ఆలోచనతో కల్చరల్ సపోర్ట్ టీమ్స్ అని ఆడ సైనికుల బృందాలు పుట్టాయి. ఫోర్ట్ బ్రాగ్‌లో ఎంపిక జరిగింది. బరువులు మోస్తూ మైళ్ళు నడిచారు, తాళ్ళు ఎక్కారు, నిద్ర లేకుండా గడిపారు. ఎంపికైనవాళ్ళు రేంజర్లతో కలిసి హెలికాప్టర్లు ఎక్కారు. వాళ్ళలో ఒహాయో అమ్మాయి యాష్లీ వైట్ 2011 అక్టోబర్ 22న కాందహార్‌లో మందుపాతర పేలి, ఇద్దరు రేంజర్లతో పాటు చనిపోయింది.

అప్పటికి అమెరికాలో 1994 నాటి నిబంధన అమల్లోనే ఉంది. నేలమీద నేరుగా పోరాడే దళాల్లోకి ఆడవాళ్ళని 'అసైన్' చెయ్యకూడదు. మరి వీళ్ళు అక్కడ ఎలా ఉన్నారు? వాళ్ళని అసైన్ చెయ్యలేదు, 'అటాచ్' చేశారు. పుస్తకం మొత్తంలో నాకు నచ్చిన మాట ఇదే. నచ్చడమంటే, రాత్రి రెండింటికి కూడా బుర్రలో తిరుగుతూ ఉండటం. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళకి ఈ మాట కొత్తగా వివరించక్కర్లేదు. అదే ఫ్లోరు, అదే కోడు, అదే రాత్రి డిప్లాయ్‌మెంటు, మెడలో బ్యాడ్జి రంగు మాత్రం వేరు. టీమ్ ఫొటోలో ఉంటారు, టీమ్ లెక్కలో ఉండరు. అయితే మన దగ్గర బ్యాడ్జి రంగు వల్ల బోనస్ పోతుంది. అక్కడ ప్రాణం పోయింది, ఆమె ఆ యుద్ధంలో లేనట్టే చట్టం మాత్రం చెక్కుచెదరలేదు.

లెమన్ ఈ అమ్మాయిల్ని చాలా ప్రేమగా రాసింది. ఆ ప్రేమే కొన్నిచోట్ల పుస్తకాన్ని దెబ్బతీసింది. అందరూ మంచివాళ్ళే, అందరూ ధైర్యవంతులే. ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ తేడా తెలియని పేజీలున్నాయి. అంతకంటే పెద్ద లోటు ఇంకొకటి. ఈ ఆడ సైనికులు అవసరమైంది అవతల అఫ్ఘాన్ ఆడవాళ్ళు ఉన్నందువల్ల. అర్ధరాత్రి తలుపు బద్దలై, పిల్లల్ని పొదివి పట్టుకుని వరండాలో కూర్చున్న ఆడవాళ్ళు. ఆ దాడుల్ని ఆపమని అధ్యక్షుడు కర్జాయ్ ఎన్నోసార్లు గొడవపడ్డాడు. ఆ రాత్రి ఆ ఇంటి ఇల్లాలికి ఎలా గడిచిందో పుస్తకం పెద్దగా అడగదు. న్యాయం కోసం తెరవని తలుపు అవసరం కోసం తెరుచుకుందని లెమన్ చూపించింది. ఆ అవసరం మంచిదా చెడ్డదా అన్నచోట మాత్రం పక్కకి తప్పుకుంది.

ఇక్కడ మనవాళ్ళ పుస్తకం ఒకటి గుర్తు రావాలి. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళు తమ మాటల్లో చెప్పుకున్న కథలవి. వాళ్ళలో మల్లు స్వరాజ్యం లాగా దళంలో తిరిగినవాళ్ళున్నారు, అడవిలో తిరగడానికి కన్నబిడ్డనే వదులుకున్న కమలమ్మ ఉంది. 1951లో పోరాటం విరమించాక ఇళ్ళకి వెళ్ళిపొమ్మంటే ఎలా ఉండిందో కూడా వాళ్ళు దాచుకోకుండా చెప్పారు. అది గెరిల్లా పోరాటం, ఇది ప్రపంచంలోకెల్లా ఖరీదైన సైన్యం. రెండింటినీ ఒక గాట కట్టడం నా ఉద్దేశం కాదు. పుస్తకం ఎలా రాయాలన్న విషయంలో మాత్రం పోలిక చెల్లుతుంది. ఆ సంపాదకులు ఆ ఆడవాళ్ళని గౌరవిస్తూనే వాళ్ళ అసంతృప్తినీ అలాగే ఉంచారు. లెమన్ పుస్తకంలో ఆ అసంతృప్తి గొంతు ఎక్కడా పెద్దగా వినపడదు.

సరే, ఆడవాళ్ళు నిజంగా చెయ్యగలరా? ఈ ప్రశ్నని దాటవెయ్యకూడదు. 2015లో అమెరికా మెరైన్ కోర్ ఒక పెద్ద ప్రయోగం చేసింది. 134 పనుల్లో 93 చోట్ల, అంటే 69 శాతం, ఆడా మగా కలిసిన జట్లకంటే మగవాళ్ళే ఉన్న జట్లు బాగా చేశాయని తేలింది. ఆడవాళ్ళకి గాయాలూ ఎక్కువ తగిలాయి. ఈ అంకెల్ని పురుషాహంకారం అని కొట్టిపారెయ్యడం నాకు నచ్చదు. వీపుమీద నలభై కిలోలు మోసేటప్పుడు ఎముకకి సిద్ధాంతాలు తెలియవు. కానీ సగటు అన్నది ఎక్కడ వాడాలో అక్కడే వాడాలి. అలాంటి దళాలు సగటు మనిషిని ఎప్పుడూ తీసుకోలేదు, సగటు మగవాణ్ణి కూడా. 2015 ఏప్రిల్‌లో రేంజర్ స్కూల్‌లో 381 మంది మగవాళ్ళు, 19 మంది ఆడవాళ్ళు మొదలుపెట్టారు. ఆగస్టులో పట్టా తీసుకున్నది 94 మంది మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు: క్రిస్టెన్ గ్రీస్ట్, షే హేవర్. సగటు పేరు చెప్పి తలుపు మూసేస్తే ఆ ఇద్దరూ లోపలికి వచ్చేవాళ్ళు కాదు. అదే లెక్కన మగవాళ్ళలోనూ మూడు వంతులమంది గేటు దగ్గరే ఆగిపోవాలి. మరి వాళ్ళని ప్రయత్నించమన్నారు కదా!

ఇంకో తమాషా చూడండి. ఆ రోజు గ్రీస్ట్, హేవర్ ఇద్దరికీ రేంజర్ పట్టీ వచ్చింది కానీ రేంజర్ రెజిమెంట్‌కి దరఖాస్తు పెట్టుకునే హక్కు రాలేదు. పరీక్ష పాసయ్యారు, ఉద్యోగానికి అర్హత లేదు. అన్ని పోరాట విభాగాలూ ఆడవాళ్ళకి తెరుస్తున్నామని రక్షణమంత్రి యాష్ కార్టర్ ప్రకటించింది ఆ డిసెంబర్‌లో. ఇదే గ్రీస్ట్ 2021లో ఒక వ్యాసం రాస్తూ, సైన్యం ఫిట్‌నెస్ పరీక్షలో ఆడవాళ్ళకి వేరే మార్కులు పెట్టొద్దని వాదించింది. ఓనీల్ సినిమాలో అడిగిందే, ఇరవై నాలుగేళ్ళ తర్వాత నిజం మనిషి అడిగింది.

అయితే 'అందరికీ ఒకే కొలత' అన్న మాటతో కథ అయిపోతుందా? మన సుప్రీంకోర్టు తీర్పులు రెండు చదివితే అయిపోదనిపిస్తుంది. 2020 ఫిబ్రవరిలో బబితా పునియా కేసులో, మన జవాన్లు ఎక్కువగా పల్లెటూళ్ళనుంచి వచ్చినవాళ్ళు, ఆడ ఆఫీసర్ల ఆజ్ఞల్ని ఒప్పుకునేలా వాళ్ళ మనసులు తయారుకాలేదని ప్రభుత్వం వాదించింది. మాస్టర్ చీఫ్ వాదన గుర్తొచ్చిందా? ఇక్కడా సమస్య మగవాళ్ళది, శిక్ష ఆడవాళ్ళకి. కోర్టు ఒప్పుకోలేదు. 2021 మార్చిలో నితీషా కేసు ఇంకా సూక్ష్మమైంది. పర్మనెంట్ కమిషన్ కోసం ఆడ ఆఫీసర్లకీ మగవాళ్ళ ఫిట్‌నెస్ కొలతే పెట్టామన్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ మగవాళ్ళు ఆ కొలతని ముప్ఫై లోపు అందుకున్నారు. ఆడవాళ్ళని ఏళ్ళతరబడి ఆపి, నలభై దాటాక అదే కొలతకి నిలబెట్టారు. అది పరోక్ష వివక్ష అని కోర్టు చెప్పింది. ఆ తీర్పుని నేను ఒక విమర్శ వ్యాసంలాగే చదువుకున్నాను. ఒక వాక్యం పైకి ఏం చెబుతోందో, లోపల ఏం చేస్తోందో విడదీసి చూపించడమే కదా విమర్శ పని.

మనం పరీక్షల మధ్య పెరిగినవాళ్ళం. ఎంసెట్ ర్యాంకుని మనిషి విలువగా చూసిన ఇళ్ళలోంచి వచ్చాం. మన భాషలో పరీక్ష 'రాసేది' విద్యార్థే. పేపరు సెట్ చేసినవాడు కనపడడు, వాడి గురించి అడగడం మర్యాద కూడా కాదు. 'జి.ఐ. జేన్' మనకి అంత బాగా ఎక్కడానికి ఇదే కారణమని నా అనుమానం. కష్టపడి ర్యాంకు కొట్టిన పిల్ల కథ అది. 'యాష్లీస్ వార్' ఆ సుఖం ఇవ్వదు. అందులో అమ్మాయి పరీక్ష పాసైంది, ఉద్యోగం చేసింది, ఆ ఉద్యోగంలోనే చనిపోయింది. నోటిఫికేషన్ ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. కళ లెక్కన సినిమాయే మెరుగు, రిడ్లీ స్కాట్ ఫ్రేము ముందు లెమన్ వాక్యం తేలిపోతుంది. నిజాయితీ లెక్కన మాత్రం నా ఓటు పుస్తకానికి, లోపాలతో సహా.

మా చెల్లి డిగ్రీలో ఉండగా ఎన్‌సిసి 'సి' సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఇన్‌ఫాంట్రీలోకి ఆడవాళ్ళని తీసుకోరని తెలిసిన రోజు అది పెద్దగా ఏడవలేదు, అరవలేదు. "ఫెయిలైతే ఫెయిలయ్యావని చెప్పమను అన్నయ్యా. అసలు రావద్దని చెప్పడమేంటి?" అంది. ఈ విషయం మీద నేను చదివిన వాదనలన్నిట్లో ఇంత సూటిగా ఉన్నది ఇంకోటి తగల్లేదు.

2016 జూన్‌లో మన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలోనే అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశంలో మొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా బయటికొచ్చారు. సుప్రీంకోర్టు 2021లో తలుపు తెరిపించాక ఎన్‌డిఎలో చేరిన అమ్మాయిల్లో 17 మంది 2025 మే నెలలో శిక్షణ పూర్తిచేశారు. వాళ్ళలో ఆర్మీ ఎంచుకున్నవాళ్ళకి ఆర్టిలరీ ఉంది, ఇంజనీర్స్ ఉంది, సిగ్నల్స్ ఉంది. ఈ వ్యాసం రాసేనాటికి ఇన్‌ఫాంట్రీ లేదు, ట్యాంకుల దళం లేదు. అక్కడ ఫెయిలయ్యే అవకాశం కూడా వాళ్ళకి ఇంకా రాలేదు.